ఫోటోలో తాడు లాగుతున్నాయన

"తప్పు."

అనూరాధ నాతో మాట్లాడిన మొదటి మాట ఇదే. నమస్కారం లేదు, అండీ లేదు.

మాట్లాడింది కూడా ఎదురుగా కాదు, ఇంటర్నెట్లో. డాబాగార్డెన్స్‌లో ఒక బట్టల షాపు పైన మా డిజిటల్ లైబ్రరీ ఉంది. పేరు చూస్తే పెద్దది, లోపలికొస్తే రెండు గదులు. పాత మిలటరీ ఆల్బములు, రేవు మ్యాపులు, జిల్లా చరిత్రలు స్కాన్ చేసి సైట్లో పెట్టడం మా పని. ఎవరైనా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు, కింద కామెంట్ రాసుకోవచ్చు. ఫోటోల కింద వివరాలు రాసేవాణ్ని నేను, నాగవంశీని. కుర్చీలో కాసేపు కుదురుగా కూర్చోలేని నాకు పొద్దస్తమానం కూర్చునే ఉద్యోగం ఎవరిచ్చారా అని మా అమ్మ ఇప్పటికీ ఆశ్చర్యపోతూ ఉంటుంది.

ఆ వేసవిలో యుద్ధకాలం నాటి ఆల్బమ్ ఒకటి వచ్చింది. ఎవరో బ్రిటిష్ మిలటరీ ఇంజనీరుది. రేవు రేవుకీ తిరిగి ఫిరంగులు బిగించడం ఆయన ఉద్యోగం. 1942 ఏప్రిల్లో జపాన్ విమానాలు వచ్చి విశాఖ రేవు మీద బాంబులు వేస్తే ఊరు ఊరంతా మూటాముల్లె కట్టుకుని పల్లెలకు పరుగెత్తింది చూడండి, ఆ రోజులు. ఒక ఫోటో కింద నేను 'కొండ ఎక్కుతున్న సైనికులు' అని రాశాను.

'యారాడ కొండ' అనే పేరుతో జవాబొచ్చింది. "తప్పు. సైనికులు గోచీలు పెట్టుకోరు."

ఒళ్లు మండింది. జూమ్ చేసి చూశాను. గోచీలే.

మర్నాడు ఇంకో ఫోటో కింద మళ్లీ తప్పు. ఆ మర్నాడు మళ్లీ. ఇంత కోపం, ఇంత పరిజ్ఞానం ఉన్నవాడు రిటైరైన నేవీ ఆఫీసరో హిస్టరీ మాస్టారో అయి ఉంటాడని నేను తీర్మానించేసుకున్నాను. మా బాసు గురునాథరావు గారు పాఠకులకు గౌరవంగా రాయాలంటారు కాబట్టి, 'మాస్టారూ, తమరి సూచన మేరకు సవరించడమైనది' అని రాసేవాణ్ని. అటునుంచి 'సంతోషం బాబాయి గారూ' అని వచ్చేది. అలా మాస్టారూ బాబాయి గారూ అనుకుంటూ రెండు నెలలు పోట్లాడుకున్నాం. పొద్దున్నే ఆఫీసుకి రాగానే ఏ ఫోటో కింద తిట్టు పడిందా అని వెతుక్కోవడం అలవాటైపోయింది. ఏ రోజైనా తిట్టు లేకపోతే ఆ రోజు ఏ పనీ తోచేది కాదు.

జూలైలో ఒకరోజు కుండపోత వాన. ఒక అమ్మాయి, ఆమె చెయ్యి పట్టుకుని ఒక ముసలావిడ మెట్లెక్కి వచ్చారు. అమ్మాయి గొడుగు మడిచి, గదంతా కలియజూసి, నన్ను దాటేసి వెనక బీరువాల వైపు చూసింది.

"బాబాయి గారు లేరా?"

"ఏ బాబాయి గారండి?"

"ఫోటోల కింద రాస్తారు కదా. పెద్దాయన. కళ్లజోడుంటాది."

"కళ్లజోడుందని మీకెవరు చెప్పారు?"

"ఆ తెలుగు సూస్తే తెలీదేటి."

గొంతు సవరించుకున్నాను. "ఆ బాబాయిని నేనేనండి. మీరు?"

ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది. వానకి తడిసిన ముఖంలో నవ్వు ఆగడం లేదు. "నాను యారాడ కొండని," అంది. "మాస్టార్ని."

అప్పుడు నేనేం మాట్లాడానో నాకు గుర్తులేదు. కుర్చీ తన్నుకుని పడబోయిన మాట మాత్రం నిజం.

అనూరాధ యూనివర్సిటీలో హిస్టరీ ఎమ్మే చేసింది. లెక్చరర్ పరీక్షకి చదువుతోంది. నాన్న అర్జునరావు గారికి యారాడలో పడవ ఉంది, ఇప్పటికీ వేటకి వెళతారు. ఆ వచ్చిన ముసలావిడ ఆయన తల్లి సూర్యకాంతమ్మ. అనూ మామ్మ అంటుంది, నాకూ ఆ మాటే అలవాటైపోయింది.

"మా అయ్య మొకం నాను సూడలేదు బాబూ," అంది మామ్మ, వేడి టీ గ్లాసు చీరచెంగుతో పట్టుకుని. "బాంబులు పడినప్పుడు నాను పాలు తాగే గుంటని. మమ్మల్ని సుట్టాలింటికాడ దింపీసి, వలలు తెచ్చుకుంటానని ఎనక్కెల్లినాడు. ఎల్లినోడు రానేదు. కొండమీద మిలట్రీవోళ్లు కూలికి పట్టుకెల్లినారన్నారు. సచ్చిపోనాడో ఎక్కడున్నాడో తెలీదు. మాయమ్మ పోయేదాకా గాజులు తియ్యలేదు."

"పెద్దలకి పెట్టినప్పుడు కూడా ఆయనకి పెట్టం," అంది అనూ. "ఉన్నాడో పోయాడో తెలీనోళ్లకి పెట్టకూడదు కదా. గోడ మీద అందరి ఫోటోలూ ఉంటాయి. ఆయన సోటు ఖాళీ."

ఆల్బమ్ తెరిచాను. కొండ ఎక్కే కూలీలు, ఫిరంగి గొట్టం, సిమెంటు దిమ్మలు. ఒక ఫోటో దగ్గర మామ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. బరువైన ఇనుప గొట్టాన్ని కొందరు తాడుతో పైకి లాగుతున్నారు. లాగేవాళ్లు ఎదురుగా చూస్తూ లాగడం లేదు. తాడుని నడుముకి చుట్టుకుని, ఒళ్లు వెనక్కి వాల్చి, వెనక్కి నడుస్తూ లాగుతున్నారు.

"అలివి వల లాగుడు," అంది అనూ. ఒడ్డున నిలబడి సముద్రంలోంచి పెద్ద వలని లాగేటప్పుడు వాళ్ల ఊళ్లో అలాగే లాగుతారట. "వీళ్లు సేపలోళ్లు. మనోళ్లు."

మామ్మ ఆ మాట వినడం లేదు. తాడు ముందు చివర ఉన్న మనిషి ముఖం మీద వేలు పెట్టింది. "అర్జునా," అంది నెమ్మదిగా.

అనూ ఫోన్లో వాళ్ల నాన్న ఫోటో తీసి పక్కన పెట్టింది. అదే గడ్డం, అవే కనుబొమలు. మామ్మ ఏడవలేదు. కంప్యూటర్ తెర మీద చెయ్యి పెట్టి, "అయ్యా, ఇక్కడున్నావేటి," అని అడిగింది.

"రెండో ఆల్బమ్ ఇంకా రావాలోయ్," అన్నారు గురునాథరావు గారు లోపలి గదిలోంచి. "అది చూడకుండా పేర్లు రాయకు."

నేను ఆగితేగా. ఆమె ముఖం చూశాక ఆగబుద్ధి కాలేదు. మామ్మ వాళ్లయ్య పేరు చెబుతుంటే అప్పటికప్పుడే 'సన్యాసిరాజు, యారాడ' అని ఫోటో కింద రాసేశాను. ఆ సాయంత్రం అనూ రాసిన కామెంట్లో మొట్టమొదటిసారి తప్పు లేదు. 'థాంక్స్ బాబాయి గారూ' అని ఉంది.

ఆ తర్వాత నా బైకు ఆదివారం వస్తే చాలు యారాడ ఘాట్ రోడ్డు ఎక్కేది. ఊళ్లోవాళ్ల పాత ఫోటోలు స్కాన్ చెయ్యాలని ఇంట్లో చెప్పేవాణ్ని. చేసేవాణ్ని కూడా, అబద్ధం కాదు. కాకపోతే ఒక గంటలో అయ్యే పనికి చీకటి పడేదాకా ఉండేవాణ్ని. అనూ పక్కన కూర్చుని ఎవరు ఎవరికి ఏమవుతారో చెబుతుంటే రాసుకునేవాణ్ని. గాలికి ఆమె జుట్టు నా లాప్‌టాప్ మీద పడితే తెర మీద ఉన్న తాతలందరూ మసకబారిపోయేవారు.

"ఏటి సూస్తన్నావ్? ఫోటో అటున్నాది," అనేది.

వాళ్ల మేనబావ అప్పలరాజు వల బాగుచేసుకుంటూ నన్ను కనిపెడుతూ ఉండేవాడు. ఒకరోజు దగ్గరకొచ్చి కూర్చున్నాడు. "బావా, నానే దీన్ని సేసుకోవాలని మావోళ్లు అంటన్నారు. నాకు భయం. ప్రతి మాటకీ తప్పంటాది. నీకు అలవాటైపోనట్టుంది కదా. నువ్వే సూసుకో." నేను నమ్మలేక అతని ముఖంలోకి చూశాను. నిజంగానే అంటున్నాడు.

మాది గోదావరి వైపు. నాన్న సీతారామాంజనేయులు గారు స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. వాళ్ల కులం వేరు, మా కులం వేరు. రెండిళ్లలోనూ పెళ్లి మాట గొంతు దాకా వచ్చి ఆగుతూనే ఉంది. అలాంటిది, ఒకరోజు అర్జునరావు గారే నన్ను పిలిచారు.

"మా పెద్దాయన్ని ఇంటికి తెచ్చినావు బాబూ. ఆ కొండమీదే పోనాడని ఇప్పుడనుకోవచ్చు. వచ్చే ఆదివారం ఆయన్ని పెద్దల్లో కలుపుతన్నాం. కొత్త బట్టలెట్టి, ఊరందరికీ బోజనం. మీ అమ్మనీ నాన్ననీ తీసుకురా. ఆల్లతో మాటాడాలి."

ఏం మాట్లాడాలో ఆయన చెప్పలేదు. గుమ్మం వెనక అనూ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం మాత్రం చూశాను.

ఆ గురువారం రెండో ఆల్బమ్ వచ్చింది.

ఆ ఇంజనీరు ఒకే దృశ్యాన్ని రెండు ముక్కలుగా తీసి పక్కపక్కన అంటించేవాడట. మన తాడు ఫోటోకి రెండో ముక్క ఇందులో ఉంది. అంచులు కలిపి చూశాను. కొండ వంపు, తాడు కొస, ఒక కూలీ మోచెయ్యి అచ్చంగా అతుక్కున్నాయి. రెండో ముక్కలో కింద ఒక రేవు షెడ్డు, దాని మీద బోర్డు. జూమ్ చేశాను. ట్రింకోమలీ.

సిలోన్, అంటే ఇప్పటి శ్రీలంక. యారాడ కాదు. మన కొండ కాదు, మన దేశం కూడా కాదు. ఆ తాడు లాగేవాళ్లు చేపలోళ్లే. మనవాళ్లు మాత్రం కాదు.

లేచి కిటికీ దాకా నడిచాను. వెనక్కి వచ్చాను. మళ్లీ చూశాను. ఇంకో బోర్డేమోనని, నా కళ్లేమోనని గురునాథరావు గారిని పిలిచాను. ఆయన చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆగమన్నాను కదరా అనలేదు, అంటే బాగుండేది.

"సోమవారం పొద్దున్నకల్లా సైట్లో మార్చెయ్," అన్నారు. "అక్కడ ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం."

బైకు తీశాను. ఎన్ఏడీ జంక్షన్ దాకా వెళ్లి తిరిగొచ్చాను. ఆటోనగర్‌లో నా స్నేహితుడు సాయిశంకర్ వర్క్‌షాప్‌కి వెళ్లి, ఏమీ పాడవని బైకుని బాగుచెయ్యమన్నాను. వాడు నా ముఖం చూసి టీ తాగించి పంపించాడు. చెబితే అనూ పోతుంది. ఆదివారం అయ్యే మాటలు ఇక ఎప్పటికీ కావు. చెప్పకపోతే ఒక పరాయి మనిషి ముందు కొత్త బట్టలు పెట్టి, మామ్మ అయ్యా అని పిలుస్తుంది. నా వల్ల.

శుక్రవారం సాయంత్రం ఘాట్ రోడ్డు మలుపులో అనూని కలిసి రెండు ముక్కలూ కలిపిన ఫోటో చూపించాను. సన్నగా వాన పడుతోంది. గొడుగు ఆమె చేతిలోనే ఉంది, తెరవలేదు.

"ఇది ఎవరికి తెలుసు?"

"నాకు, మా బాసుకి."

"మరి ఆదివారం అయ్యేదాకా ఊరుకో."

నేను విన్నది నిజమేనా అనిపించింది. "నువ్వేనా? సైనికులకి గోచీలుండవని నా పరువు తీసినదానివి నువ్వేనా?"

"అది ఫోటో వంశీ. ఇది మామ్మ. రోజూ లెగిసి ఆ ఫోటోతో మాటాడతంది. సేపల కూర వండినాను అయ్యా అంటంది. ఆవిడకి నువ్వెల్లి ఏటి సెప్తావు?"

"ఆదివారం ఊరుకుంటే సోమవారం ఎలా చెప్తాం? మీ నాన్న మాట ఇచ్చేశాక చెప్తే, కావాలనే దాచాడనుకోరా?"

"సోమవారం కూడా సెప్పకు."

"అనూ."

"ఏటి? మా నాన్న ఎందుకు పిలిసినాడో నీకు తెలీదా? సెప్తే అన్నీ పోతాయి. అది కావాలా నీకు?"

"నాకు నువ్వు కావాలి." ఆ మాట అంతవరకూ అనలేదు. వాన, కొండ, కిందికి దిగుతున్న సిటీ బస్సు, అన్నింటిముందూ అనేశాను. "నువ్వంటే ప్రాణం. అందుకే చెప్తానంటున్నాను. మీ ఇంట్లో భోజనానికి కూర్చున్న ప్రతిసారీ ఆ గోడ చూసి తల దించుకోవాలి. అలా నీ పక్కన ఎలా ఉండను?"

ఆమె కళ్లనిండా నీళ్లు. నా మాట నచ్చిందో నచ్చలేదో తెలియలేదు. గొడుగు నా చేతిలో పెట్టేసి, వానలోనే ఊరి వైపు దిగి వెళ్లిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. శనివారమంతా ఎత్తలేదు.

"ఏరా, పంజరంలో చిలకలాగా ఆ తిరగడమేంటి," అంది అమ్మ. "పెళ్లిచూపులు నీకా, వాళ్లకా?"

ఆదివారం వాళ్లింటి ముందు షామియానా వేశారు. నాన్న ఇస్త్రీ చొక్కా, అమ్మ పట్టుచీర. ఊరు ఊరంతా అక్కడే ఉంది. లోపల గోడ మీద, ఖాళీ చోటులో ఫ్రేము కట్టిన ఫోటో, బంతిపూల దండ. కింద పీట మీద పంచె, కండువా, అరిటాకులో అన్నం, చేపల పులుసు. మామ్మ తలంటుకుని పీట ముందు కూర్చుంది. ఆ చనిపోయినాయన్ని పేరు పెట్టి తినడానికి పిలవాలి. పిలిచాక ఆయన పెద్దల్లో కలిసినట్టు.

అనూ ఆవిడ వెనక నిలబడింది. నా వైపు చూడటం లేదు.

మామ్మ చేతులు జోడించింది. నోరు తెరిచింది.

"మామ్మా, పిలవకండి," అన్నాను.

నేను వెళ్లి ఆవిడ పక్కన నేలమీద కూర్చుని ఫోన్లో ఫోటో చూపించాను. రెండో ముక్క, షెడ్డు, బోర్డు. ఎక్కడిదో చెప్పాను. తొందరపడి పేరు రాసింది నేనేనని చెప్పాను.

అర్జునరావు గారి ముఖం నల్లబడిపోయింది. "ఊరందర్నీ పిలిసినాను," అన్నారు. "ఇప్పుడా సెప్పడం?"

"నాకు శుక్రవారమే సెప్పినాడు నాన్నా." అనూ ముందుకొచ్చి నా పక్కన కూర్చుంది. "నానే ఊరుకోమన్నాను. తప్పు నాది."

మా నాన్న లేచి నిలబడ్డారు, వెళ్లిపోవాలో ఉండాలో తెలియక.

మామ్మ ఎవరి మాటా వినడం లేదు. ఫోన్ కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. చాలాసేపటికి అడిగింది.

"సిలోన్ల కూడా నడుంకి తాడు సుట్టుకునే లాగుతారేటి?"

"అలాగే లాగుతారట మామ్మా."

"ఎనక్కి నడుసుకుంటా?"

"ఆ."

"మరి ఈ బాబు కోసం ఆడ ఎవరో నాలాగే సూత్తంటారు." గోడ మీది ఫోటో వైపు తల తిప్పింది. కన్నీళ్లు బుగ్గలు దాటి కారుతున్నాయి, తుడుచుకోలేదు. "ఆల్లకి తెలిసేలాగ పెట్టు. ఇలగ ఉన్నాడని."

"పెడతాను."

"బట్టలు తీసి లోపలెట్టీయే అనూ. అవి మా అయ్యవి." అనూ పంచె, కండువా తీసింది. అన్నం ఆకు తియ్యబోతే మామ్మ ఆపింది. "అన్నం ఉంచు. ఎవరయితే ఏటి, ఇన్నాల్లు మనింట ఉన్నాడు. తినకుండా ఎలాగ పంపుతాం?"

ఆకుని తనే ఫోటో వైపు జరిపింది. పేరు పెట్టి పిలవలేదు. "తిను నాయినా," అంది, అంతే. మా అమ్మ కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుంది.

"మావా, పులుసు సల్లారిపోతంది," అన్నాడు అప్పలరాజు గుమ్మంలోంచి. ఎవరూ నవ్వలేదు గానీ, అందరికీ ఊపిరి ఆడింది.

మామ్మ నా భుజం పట్టుకుని లేచింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

"పిల్లడా, మా అయ్యని ఎతుకుతావా, మానేత్తావా?"

"వెతుకుతాను మామ్మా."

"ఎతుకుతానన్నోడివి వత్తానుండాలి. దొరికేదాకా ఈ ఇంటికి వత్తానుండాలి."

"దొరక్కపోతే?"

మామ్మ అనూ వైపు చూసింది, తర్వాత కొడుకు వైపు చూసింది. ఆ చూపు కొడుకు మీద చాలాసేపు నిలిచింది.

"దొరక్కపోతే ఇక్కడే ఉండిపో," అంది. "నాను పోయినా ఈ గుంట ఉంటాది. ఇద్దరూ కలిసి ఎతకండి."

అర్జునరావు గారు కాసేపు గోడ కేసి చూస్తూ నిలబడ్డారు. ఫోటోలో ఉన్నాయనవీ ఈయనవీ కనుబొమలు నిజంగానే ఒక్కలా ఉన్నాయి. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి చాప దులిపి, ఇంకా నిలబడే ఉన్న మా నాన్న దగ్గరికి వెళ్లారు.

"కూకోండి బావగారూ," అన్నారు. "బోజనాలు సేద్దాం."

నాన్నకి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అమ్మకి పట్టలేదు.

"ఆయ్, బావగారు పిలుస్తుంటే నిలబడతారేంటండీ," అంది. నాన్న చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, అనూ చేతిలోని విస్తరాకులు సగం తను అందుకుంది.